దగ్గరికి జరిపిన రాయి

ఓంకార్ మాదాపూర్‌లో ఒక చిన్న గేముల కంపెనీలో పనిచేస్తాడు. ఆడేవాళ్లు ఎక్కడ దూకాలో, ఎక్కడ పడి చావాలో నిర్ణయించడమే అతని ఉద్యోగం. వాళ్లు తయారుచేస్తున్న ఆటలో ఒక మేకపిల్ల బండల మీంచి బండల మీదికి దూకుతూ కొండ ఎక్కాలి. నడుమ ఒక లోయ వస్తుంది. దాని దగ్గర ఆఫీసు కుర్రాళ్లే తలలు పట్టుకునేవారు.

అతని తండ్రి బాలనర్సయ్య జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న మనిషి. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పట్టు తప్పింది. వేళ్లు ఆడిస్తూ ఉండమని దవాఖానలో రబ్బరు బంతి ఇస్తే, దాన్ని మూలకు విసిరికొట్టాడు. చూసి చూసి ఓంకార్ తమ ఆటను ఇంటి టీవీకి తగిలించి, గేమ్ రిమోట్ ఆయన చేతిలో పెట్టాడు.

ఆనాటి నుంచి బోరబండలోని ఆ ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. మేకపిల్ల లోయలో పడ్డప్పుడల్లా ముసలాయన తిట్లు గల్లీ చివరి దాకా వినబడేవి.

"నీ పాడుగాను! అంచు దాక ఉరికొచ్చి ఆగుతదేంది గిది?"

"బుద్ధి లేంది మేకకు గాదు, నీకు," అనేది భార్య సత్తెమ్మ వంటింట్లోంచి. "పొద్దుగూకులు గా గుంతల వడుడే నాయె."

"నవ్వు నవ్వు. రేపు దుంకినంక సూస్తవు."

తిట్టి, తనూ నవ్వి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ముడుచుకుపోయిన బొటనవేలు కొంచెం కొంచెంగా మాట వింటోంది. ఓంకార్‌కు మాత్రం ఆ నవ్వు కంటికి ఆనలేదు. వణికే చెయ్యే కళ్లబడింది. ఒక ఆదివారం నాయిన స్నానానికి పోయిన సందు చూసి, లాప్‌టాప్ తెరిచి, ఇంటి టీవీలోని ఆటలో మటుకు అవతలి బండను ఇవతలికి జరిపాడు. కన్నతండ్రికి ఆ మాత్రం చేసుకోకూడదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం మేకపిల్ల లోయ దాటింది. బాలనర్సయ్య గల్లీనంతా పిలిచాడు. "దునికిన! గీ ఎడమచేత్తోనే దునికిన!" సత్తెమ్మ అందరి నోళ్లలో చక్కెర పోసింది. ఓంకార్ కూడా చప్పట్లు కొట్టాడు.

ఆట విడుదలైన రోజు ఇంటివాళ్లను కూడా తీసుకురమ్మంది కంపెనీ.

"నువ్వెందుకు నాయినా, అలసిపోతవ్," అన్నాడు ఓంకార్.

"ఏం, మీ ఆఫీసుల లిఫ్టు లేదా?" అంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు ముసలాయన.

బండ సంగతి చెప్పడానికి బోరబండ నుంచి మాదాపూర్ దాకా ఆటోలో దారంతా ఉంది. ఓంకార్ చెప్పలేదు.

అక్కడ బాలనర్సయ్య లోయ దాటిన సంగతి వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ చెప్పుకుంటుంటే విని, ఓంకార్ పైఅధికారి నీహారిక ఎదురొచ్చింది. "అంకుల్, ఆ లోయ మీరు దాటేశారటండీ! మా వాళ్లలో సగం మందికి చేతకాలేదు. ఒక్కసారి చూపించరూ?"

గోడంత టీవీ ముందు కూర్చున్నాడు బాలనర్సయ్య. మేకపిల్ల ఉరికింది, ఎగిరింది, పడింది.

"ఏసీకి చెయ్యి జర సల్లవడ్డది," అని నవ్వాడు. మళ్లీ పడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఉత్సాహంగా కేకలు వేశారు. మళ్లీ పడింది. ఈసారి ఎవరి ఫోన్లలోకి వాళ్లు చూసుకున్నారు. ఆయన తిట్టలేదు. రిమోట్ పక్కన పెట్టి, లేచి, టీవీ దగ్గరికి పోయి రెండు బండల మధ్య సందును చూశాడు. తర్వాత కొడుకును చూశాడు.

"మనింట్ల గీ బండ ఇంత దూరం లేకుండె గదరా?"

ఓంకార్ ఆటో పిలవడానికి ఫోన్ తీశాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో సగం దారి వచ్చాక అన్నాడు ముసలాయన: "నాకు పడుడే మంచిగుండె బిడ్డా. రేపు దుంకుత అనుకుంట లేస్తుంటి. గది గుంజుకుంటివి."

ఆ రోజే ఓంకార్ బండను మళ్లీ దూరం జరిపాడు. ఆయన రిమోట్ ముట్టలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఓంకారే టీవీ ముందు కూర్చుంటున్నాడు. తన చేత్తో కట్టిన లోయలో కావాలని పడి, ఇల్లెగిరిపోయేలా తిడుతున్నాడు. ఒక కన్ను నాయిన మంచం వైపే.

బాలనర్సయ్య గోడకేసి తిరిగి రబ్బరు బంతి పిసుకుతుంటాడు.

"ఒర్రకురా," అంటాడు. "గది బందువెట్టి వార్తలు వెట్టు."