శోభనాద్రి కొసరు

నేను ఒక సెలూన్ కుర్చీని. విజయవాడలో ఇనుము వంచి, ఎర్ర రెక్సిన్ తొడిగి, రేపల్లె లారీ ఎక్కించారు. నన్ను కొన్న మొదటి ఆసామి ఏడాది తిరక్కుండానే షాపు ఎత్తేసి శోభనాద్రికి అమ్మేశాడు. అప్పటినుంచి స్టేషన్ రోడ్డులో ఊరి తలలన్నీ నా మెడదిండు మీద వాలినవే. ఎంత పెద్దమనిషైనా నా మీద కూర్చున్నాక తల వంచక తప్పదు. లేచి వెళ్ళాక ఆ సంగతి ఒక్కడికీ గుర్తుండదు.

శోభనాద్రి దగ్గరికి జనం ఎగబడేది క్రాపు కోసం కాదు, కొసరు కోసం. కటింగయ్యాక గడ్డం కింద ఒక చెయ్యి, నెత్తిన ఒక చెయ్యి వేసి తలను అటోసారి ఇటోసారి టక్కుమనిపించేవాడు. చప్పుడు రాకపోతే మొహాలు మాడ్చుకునేవాళ్ళు. వంకాయల బేరంలో అడిగినట్టు మెడ దగ్గర కూడా కొసరడగడం మావాళ్ళకే చెల్లింది.

పక్క షాపు టైలర్ మస్తాన్‌వలి మిషను మీద వంగి వంగి మెడ పట్టేసిందని, ఒకనాడు ఇంకాస్త గట్టిగా తిప్పమన్నాడు. శోభనాద్రి తిప్పాడు. ఆ టక్కు వేరుగా ఉంది. తలను ఆనించుకున్నదాన్ని, నాకు తెలియదూ! మస్తాన్ కుడిచెయ్యి నా మీంచి జారిపోయింది. తిమ్మిరెక్కిందని నవ్వుతూ వెళ్ళాడు.

తిమ్మిరి దిగలేదు. కత్తెర పట్టు తప్పింది, పెళ్ళిబట్టలు వేరే టైలర్లకు పోయాయి. మెడపూసల మధ్య మెత్తటి డిస్కు పక్కకు పొడుచుకొచ్చి చేతి నరాన్ని నొక్కుతోందని, అది ఎప్పటినుంచో అరుగుతోందని గుంటూరు డాక్టరు చెప్పాడట. ఆ 'ఎప్పటినుంచో' అన్న మాట పట్టుకుని వేలాడాడు శోభనాద్రి. అయినా అన్నం సయించలేదు. ఖాళీ దొరికితే చాలు, నా మెడదిండు తుడుస్తూ కూర్చునేవాడు. తుడిస్తే పోయేదైతే నా పాపమూ పోవును.

ఆపరేషనంటే మెడ కోసేస్తారని మస్తాన్ హడలిపోయాడు. తీరా చూస్తే మెడ వెనక చిన్న గాటు పెట్టి, పెన్సిలంత గొట్టం దూర్చి, కెమెరాలో చూస్తూ జారిన ముక్క లాగేశారట. మర్నాడే ఇంటికి పంపారు. వేళ్ళు మెల్లగా మాట వినసాగాయి.

కొన్నాళ్ళకు వచ్చి మళ్ళీ నా మీద కూర్చున్నాడు. వెనక వెంట్రుకలు ఎత్తి చూశాడు శోభనాద్రి. పెసరబద్దంత మచ్చ. దువ్వెన అక్కడే ఆగిపోయింది.

"ఏం శోభనాద్రీ, కొసరు లేదా?" అన్నాడు మస్తాన్.

"అన్నా, ఆ రోజు నీ చెయ్యి పడిపోయింది నా చేతుల్లోనే. అరుగుదలే అనుకుందామని చూశా. నావల్ల కాలా."

"తెలుసులేవయ్యా. ఆ టక్కుతోనే వేళ్ళల్లో కరెంటు కొట్టింది. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తన్నా."

తిట్టలేదు, ఓదార్చలేదు. తల వెనక్కి వాల్చి, గొంతు చాచి, గడ్డం కానిమ్మన్నాడు. శోభనాద్రి కత్తి తియ్యకుండా, రాసినచోటే మళ్ళీ మళ్ళీ సబ్బు నురగ రాస్తూ ఉన్నాడు. మస్తాన్ కళ్ళు మూసుకుని ఓపిగ్గా ఉన్నాడు.

ఇప్పుడిక్కడ కొసరు లేదు. సగంమంది ఎదుటి షాపుకు పోయారు. మొన్న నా మెడదిండు చినిగితే మస్తానే కుట్టాడు, కుడిచేత్తోనే. కుట్లు కాస్త వంకర పోయాయి. ఒకప్పుడు అతని కుట్టు వంకర పోయేది కాదు. రోజూ షాపు తెరవగానే శోభనాద్రి ముందు వాటినే తడుముతాడు.