ప్రకాశం ప్రసంగానికి కత్తిరింపులు

కర్నూలులో పరిశోధన చేస్తున్న ఆరాధనకు జన్యువుల్లోని కత్తిరింపు చోట్లే లోకం. మన జన్యువు సూటిగా మాట్లాడదు. ప్రోటీనుకు పనికొచ్చే ముక్కల మధ్య ఎంతో సోది ఉంటుంది. కణం ఆ సోదిని కత్తిరించి మిగతాది అతికిస్తుంది. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తుల్లో ఎన్ని బిట్ల సమాచారం ఉందో ఆమె లెక్కగడుతుంది.

సెలవులకు కమలాపురం వచ్చిన ఆమె దగ్గరికి, చర్చి పెద్ద అయిన పెదనాయన ప్రకాశం ఫోను పట్టుకుని వచ్చాడు. చర్చి నూరేళ్ల చరిత్రను రెండు గంటలు చెప్పి రికార్డు చేశాడాయన.

"నూరేళ్ల పండగలో పది నిమిషాలే ఇచ్చినారు పాపా. నువ్వు సదివేది కత్తిరించే సదువే కదా?"

ఆరాధన విన్నది. "ఇంకో మాట" అంటూ ఆయన బర్రె మీదికో, బోరు మీదికో పోతాడు. "అదట్లుండనీ" అంటూ చరిత్రలోకి తిరిగొస్తాడు. అచ్చం జన్యువే. ఆమె సంబరపడి, ఆ రెండు మాటల మధ్యదంతా కంప్యూటరుతో తీయించి, మళ్లీ వినకుండానే ఇచ్చేసింది.

పండగనాడు మైకులో ప్రకాశం రికార్డు గొంతు గంభీరంగా మోగింది.

"మన మొదటి పాస్టరుగారు ఎద్దులబండిలో కమలాపురం వచ్చి, పూటకు నాలుగు లీటర్లు ఇస్తాది. ఆయన భార్య ఆడపిల్లలకు బడి పెట్టి, మున్నూరు అడుగులకు నీళ్లు పన్యాయి."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆరాధన స్తంభం వెనక్కి జరిగింది.

బయట ప్రకాశం ఆమెను పట్టుకున్నాడు. "పాస్టరుగారు పాలిచ్చినాడా పాపా?"

"బర్రె కత నడుమ గూడా నువ్వు అదట్లుండనీ అంటివి పెదనాయనా. కంప్యూటరు ఆడికే కత్తిరించేది ఆపేసింది. జన్యువులోనూ రెండక్షరాల గుర్తు సాలదు, పక్కనుండే అక్షరాలూ సూడాల. పరిణామంలో ఆ గుర్తు శానావరకు పారేసే ముక్కలోకే జరిగిందంటారు. అప్పుడు పనికొచ్చే ముక్క ఆ గుర్తును మోయకుండా తన మాట తాను చెప్పుకుంటాది."

"అంటే గుర్తంతా నా బర్రెలోనే ఉండాల."

"ఊ."

ఆమె ఈసారి బర్రె, బోరు ముచ్చట్లలోని మాటలన్నీ వెతికి, సరిగ్గా కత్తిరించింది. మరుసటి ఆదివారం తప్పు లేని చరిత్ర తొమ్మిది నిమిషాలు మోగింది. ఎవరూ నవ్వలేదు. ముగ్గురు నిద్రపోయారు. వాళ్లలో ఒకరు ప్రకాశం.