కాలరు లోపలి నార

...అయినా కనబడని చోట ఉన్నదాన్ని ఉన్నదని ఎందుకనుకోవాలి? పైన ఉన్ని బట్ట, లోపల సిల్కు లైనింగు, మధ్యలో కాలరును బిరుసుగా నిలబెట్టే నాలుగు వేళ్ల కేన్వాసు. మనిషికి వెన్నెముక ఎట్లాగో కోటుకు కేన్వాసు అట్లాగ. నీ వెన్నెముక దేంతో చేశారని ఎవరూ ఎవర్నీ అడగరు. కానీ ఎలియాసు దొర అడిగాడు, కోటు లోపల నార ఉండదు గదా అని. కొలతలిచ్చేటప్పుడు ఒకసారి, ట్రయలు వేసేటప్పుడు ఒకసారి. రెండుసార్లూ గోపాలస్వామి నాయుడు తల ఊపాడు. మొదటిసారి ఊపిన తల నిజమే చెప్పింది.

మధ్యాహ్నం మూడు గంటలు. చెన్నపట్నం చూలైలో తన కుట్టు దుకాణంలో మిషను ముందు కూర్చుని ఉన్నాడన్నమాటే గానీ కాలు తొక్కడం లేదు. కోటు వెనకాల కొక్కేనికి వేలాడుతోంది. పొద్దున తనే దాని ముఖం గోడకు తిప్పాడు. తిప్పిన తర్వాత ఇంకా కష్టమైంది. ఎవరో అటు తిరిగి నిలబడి, పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుదామని కాచుకున్నట్టుంది. ముప్పై ఏళ్లలో ఆ కొక్కేనికి ఎన్నో కోట్లు వేలాడాయి. ఏదీ ఇట్లా నిలబడలేదు. అంత బాగా నిలబడబట్టే ఈ బాధంతా.

ఎలియాసు దొరది పగడాల వ్యాపారం. తాతల నాడు ఓడలో వచ్చిన యూదుల కుటుంబం. కోమట్లతో బేరాలాడి తెలుగు నేర్చుకున్నాడు. వాళ్లవాళ్లందరూ దేశాలు పట్టి పోగా, చెన్నపట్నంలో కొన్ని సమాధి రాళ్లూ, తనూ మిగిలారు. ఇప్పుడు తనూ పోతున్నాడు, జెరూసలేంలో ఉన్న కూతురి దగ్గరికి. రేపే బొంబాయి రైలు. అక్కడ చలి ఎక్కువని ఉన్ని కోటు కావాలన్నాడు. ఉన్ని ఉన్నచోట అవిసె నార ఒక్క పోగు కూడా ఉండకూడదన్నాడు. అది వాళ్ల శాస్త్రం.

ఎందుకని నాయుడు అడిగితే, వాళ్ల నాయన చెప్పిన కథ చెప్పాడు. లోకంలో మొదటి అన్నదమ్ములిద్దరిలో అన్న దేవుడికి అవిసె తెచ్చాడట, తమ్ముడు గొర్రెను తెచ్చాడట. దేవుడు గొర్రెను మెచ్చాడు. అన్న తమ్ముణ్ణి చంపాడు. అప్పట్నుంచి ఆ రెండూ ఒక ఒంటి మీద కలవకూడదు. వాళ్ల తాత మాత్రం కథే లేదనేవాడట. అది దేవుడనే రాజు ఆజ్ఞ, అంతే. కారణం తెలుసుకుని చేస్తే బేరం, తెలియకుండా చేస్తే సేవ.

"కథ పిలకాయలకు, ఊరికే చెయ్యడం ముసిలోళ్లకు. నాకు రెండూ కావాల నాయుడూ," అని నవ్వాడు దొర.

ఒక్కచోట మాత్రం రెండూ కలిసేవట. వాళ్ల పాత గుడిలో, దేవుడి ఎదుట, పూజారి నడికట్టులో. ఆ గుడి కాలిపోయి రెండు వేల ఏళ్లయింది.

నాయుడు మొదట నూలు కేన్వాసే వేశాడు. ఇస్త్రీ తగిలేసరికి కాలరు తడిసిన కుక్క చెవిలా వాలిపోయింది. విప్పాడు, మళ్లీ వేశాడు, మళ్లీ వాలింది. సొరుగులో సీమ నుంచి వచ్చిన లినెన్ ముక్క ఉంది, అచ్చమైన అవిసె నార. చెయ్యి దానంతటదే పోయింది. చెయ్యి అట్లా తనంతట తను పోతుందా? పోదు. తను కుట్టిన కాలరు ఇంకో దేశంలో వాలిపోవడం తను చూడలేడు. దొర దేవుడి కన్నా తన పేరు పెద్దదయింది. ఆ కాలరుతోనే ఆయన ప్రార్థనకు నిలబడతాడు గదా, దాన్నీ పూజారి నడికట్టులో జమకట్టుకోరాదా దేవుడు? ఈ మాట ఈ వారంలో పదిసార్లు అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా మెడ వెనక ఏదో బిరుసుగా నిలబడేది.

తొమ్మిదేళ్లప్పుడూ అంతే. పెరటాసి నెల శనివారం, పెరుమాళ్లకు తళిగ నైవేద్యం పెట్టడం కోసం అమ్మ మడిచీర వేరే దండెం మీద ఆరేసింది. తను వీధిలో శవం వెంట కాసేపు నడిచి వచ్చాడు. గాలికి చీర జారింది. కింద పడకుండా ఆ మైల చేతుల్తోనే పట్టుకుని మళ్లీ దండెం మీద వేశాడు. ఎవరూ చూడలేదు. అమ్మ ఆ చీరే కట్టుకుని, కళ్లు మూసుకుని, హారతిచ్చింది. తను తలుపు చాటున నిలబడి ఏదో జరుగుతుందని చూశాడు. దీపం ఆరలేదు. అమ్మకు జ్వరం రాలేదు. ఏమీ జరగలేదు. ఆ జరగనిది ఇన్నేళ్లుగా తన వెంటే వస్తోంది. అమ్మ నిండు ఆయుష్షు బతికి పోయింది, ఆఖరి గడియలో కూడా చెప్పలేకపోయాడు.

"ఏందిరా, ఆ కోటును గోడకు మొగం పెట్టి నిలబెట్టినావు? తప్పు చేసిన ఇస్కూలు పిలకాయ మాదిరి," అంది మునియక్క. ఆయన అక్క. తలవాకిట్లో కూర్చుని కాజాలు కుడుతోంది.

"దుమ్ము పడతాదని."

"దుమ్ము ముందరి నుంచే వస్తాదా? ఎనక నుంచి రాదా?"

రిక్షా ఆగిన చప్పుడైంది. ఎలియాసు దొర కర్ర ఊతం చేసుకుని మెట్లెక్కాడు. మునియక్క లేచి కోటు తీసి ఇచ్చింది. దొర అద్దం ముందు నిలబడి తొడుక్కున్నాడు. ముసలి భుజాలు ఒక్క క్షణంలో ఇరవై ఏళ్లు వెనక్కు పోయాయి. ఆయన వేళ్లు కాలరు మీద మెల్లగా నడిచాయి. ఇప్పుడడుగుతాడు, అడిగితే చెప్పేస్తాను అనుకున్నాడు నాయుడు. దొర అడగలేదు.

"ఆడ దీన్ని విప్పి చూసేదానికి ఒక మనిషి ఉండాడంట. పోగు పోగూ చూస్తాడంట. మా అమ్మాయి రాసింది. నాకక్కర్లేదమ్మా, కుట్టింది గోపాలస్వామి నాయుడు అని జవాబు రాసినాను."

మునియక్క నవ్వింది.

"కొత్త బట్టకు మేమొక మాట చెప్పుకోవాల. ఇన్నాళ్లు బతికించి ఈ దినం చూపించినందుకు," అన్నాడు దొర. టోపీ సర్దుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు విడివడ్డాయి. ఇక వచ్చేది దేవుడి పేరే.

మూసుకున్న ఆ కళ్లను అద్దంలో చూశాడు నాయుడు. ఈసారి కూడా ఏమీ జరగదు. దీపం ఆరదు. దొర ఈ కోటు వేసుకుని నిండు ఆయుష్షు బతుకుతాడు.

"ఆగండి దొరా."

బల్ల మీది బ్లేడు తీసుకుని దొర వెనకాలకు వెళ్లాడు. ఎడమ చేత్తో కాలరు పైకెత్తాడు. మెడ దగ్గరి మొదటి కుట్టు తెంపాడు.