రాకుమార్తె చేతులు

నిన్నటి రొట్టె ఎవరూ ముట్టుకోవద్దని మా అత్తగారు మళ్ళీ చెప్పారు. మా ఇంట్లో పాత రొట్టె తినడానికి కాదు, మా ఆయన బొమ్మల్లో తప్పుపడిన బొగ్గుగీతలు చెరపడానికి. లోపలి మెత్తటి భాగం బొమ్మకి, పైనున్న గట్టిపొర నాకు.

ఈసారి డ్రాగన్‌కు బలివ్వడానికి బండకు కట్టేసిన రాకుమార్తె. రంగుల పటానికి ముందు కాగితం మీద వేసుకునే బొమ్మ. బొమ్మ కోసం నిలబడ్డానికి పరాయి ఆడదాన్ని ఇంట్లోకి తేవడమెందుకని అత్తగారు అనడంతో రాకుమార్తె నేనే అయ్యాను. కర్టెన్ తాడుతో మణికట్లు కట్టించుకుని పొద్దంతా నిలబడ్డాను. కింద మాంసం మాడుతున్న వాసన వచ్చినా కదలొద్దన్నారు. భోజనం దగ్గర మాడిందని విసుక్కున్నదీ ఆయనే. "నిలబడ్డానికేం అలసట అమ్మాయ్, పనిచేసేది వాడు కదా" అన్నారు అత్తగారు. నిజంగానే అలసిపోయాను. పెళ్ళయినప్పటి నుంచీ అలసిపోయే ఉన్నాను.

ఆయనకు చేతులు వేయడం రాదు. మొహం, జుట్టు, గౌను మడతలు బ్రహ్మాండంగా వేస్తారు. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి క్యారెట్ల కట్ట తయారవుతుంది. నేను మా నాన్న దగ్గర బొమ్మలు నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆయన పటాల్లో చేతులన్నీ నావే. తాడు విప్పాక అద్దం ముందు కూచుని, కమిలిన మణికట్లు చూసుకుంటూ ఈ చేతులూ నేనే వేశాను.

ఆదివారాలు లండన్‌లో మా చెల్సియా పేటలో పెద్దమనుషులు చిత్రకారుల ఇళ్ళకు వస్తారు. ఇవాళ వచ్చిన పెల్లూ అనే కళాభిమాని ఆ బొమ్మ ముందే ఆగిపోయాడు. "పటం సంగతి తర్వాత, థోర్లీ. ఈ చేతులు చూడండి. బాధ తెలిసినవాడు వేసినవి" అన్నాడు మా ఆయనతో. మా ఆయన ఒక్కసారి నావైపు చూస్తారేమో అనుకున్నాను. సిగ్గు లేదు నాకు, ఇంకా ఆశపడతాను.

ఆయన తలవంచి, "చాలా కష్టపడ్డానండీ" అన్నారు. నా చేతిలో టీ సాసర్లోకి ఒలికింది. చూసి పట్టుకోమని అత్తగారు గొణిగారు.

బొమ్మ కొనడానికి పెల్లూ రేపు మళ్ళీ వస్తాడట. "సెలీనా, బొగ్గు రాలకుండా వెన్న తీసిన పాలు చల్లి ఉంచు" అని మా ఆయన కునుకు తీయడానికి వెళ్ళారు. ఆ పనీ నాదే. పాలు ఆరితే ఇక గీత చెరగదు.

పాలగిన్నె పక్కన పెట్టాను. రొట్టె మెత్తని భాగం ముద్ద చేసి, బొమ్మలోని చేతుల్ని వేలికొసల నుంచి మణికట్ల దాకా నెమ్మదిగా రుద్ది చెరిపేశాను. దేన్నీ కట్టని తాడు మిగిలింది. అప్పుడు బొమ్మంతా పాలు చల్లి, ఆరబెట్టి, రొట్టె గట్టిపొర నములుతూ కూచున్నాను. ఆయన లేచి అడిగితే చెప్పాల్సింది ఒకటే మాట.

"నా చేతులు నేను తీసేసుకున్నానండీ. మీవి మీరు వేసుకోండి."