గొంతు చుట్టూ గాలి

మా ఆయన ప్రేమ్‌సాగర్ మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్. జహీరాబాద్ మొత్తం మీద పాట వినడం వచ్చింది తనొక్కడికేనని ఆయన నమ్మకం. రెండేళ్ల కింద బెంగళూరులో ఎవరో చేత్తో తయారుచేసిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తెప్పించుకున్నాడు. పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులు దాని నెత్తిమీద రెండున్నాయి. స్విచ్ వేస్తే ఎర్రగా వెలుగుతాయి. అవి వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుందట. అంతసేపూ ఇంట్లో మిక్సీ తిప్పకూడదు, కుక్కర్ పెట్టకూడదు. చుట్టాలొచ్చినా గుసగుసలాడుకోవాల్సిందే.

ఈ ఈస్టర్‌కు చర్చిలో మొదటిసారి నేనొక్కదాన్నే పాడాలి. పన్నెండేళ్లు క్వయర్‌లో వెనక వరసలో నిలబడితే దక్కిన పాట. నెల రోజులు పొద్దున్నే వంటింట్లో పాడుకున్నాను. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని. "తప్పక వస్త గ్లోరీ, ముందు బెంచీలనే కూసుంట" అన్నాడు. నాకు కావలసింది అదే. ఆయన ఒక్కసారి నా పాట వినాలి.

శనివారం కొరియర్‌లో, పాతవాటి స్థానంలో పెట్టడానికి రష్యా వాల్వులు దిగాయి. ఆదివారం నేను చీర కట్టుకుని వచ్చేసరికి ఆయన ఇంకా లుంగీలోనే ఉన్నాడు.

"రాజేశ్వర్ వస్తుండు. కొత్త వాల్వులు పెట్టేటప్పుడు నేను లేకుంటె ఎట్ల? నీ పాట రికార్డు చేయించుకొని రా. వాల్వుల మీద వింటె చర్చిల కన్న మంచిగుంటది."

ఆ మంటతోనే చర్చికెళ్లి పాడాను. బాగా పాడానని అందరూ అన్నారు. మా క్వయర్ మణెమ్మ తన ఫోన్లో రికార్డు చేసి నాకు పంపింది.

ఇంటికొచ్చి చూద్దును కదా, కిటికీలు మూసి, చప్పుడు చేస్తుందని ఫ్యాన్ ఆపి, ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. రాజేశ్వర్ స్కూల్ టీచరు, ఈ పిచ్చి కోసమే న్యాల్‌కల్ నుంచి బండేసుకుని వస్తాడు. పొద్దుటి నుంచి వాళ్లు విన్నది ఒక్క పాట, అందులోనూ మొదటి అర నిమిషం.

"గొంతు వినకు రాజేశ్వర్, గొంతు చుట్టూ ఉన్న గాలిని విను" అంటున్నాడు మా ఆయన.

"కొత్త పాట ఉంది, వింటరా?" అని నా ఫోన్ ఇచ్చాను. ఎవరిదో చెప్పలేదు, రికార్డు తెమ్మన్న సంగతి ఆయనకు గుర్తే లేదు. ఆయన దాన్ని యాంప్లిఫయర్‌కు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చర్చిలో పాడేటప్పుడు కూడా నాకంత భయం వేయలేదు.

"అబ్బ! పాడిన హాలు ఎంత పెద్దగున్నదో కండ్లకు కనవడుతుంది. రష్యా వాల్వంటె గిది!"

"మరి ఆమె గొంతు?" అన్నాను.

"గొంతుదేముంది, ఎవలదో మామూలుదే. వాల్వులే నిలవెట్టినయి."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక గుమ్మం వైపు తిరిగాను. రోజూ మాకు పెరుగు పోసే బస్వమ్మ గంపతో అక్కడే నిలబడి ఉంది. ఆమెకు ఒక చెవి వినపడదు. ఆ హెడ్‌ఫోన్‌కు వెనక జల్లెడలాంటి జాలీ ఉంటుంది, లోపలి పాట సన్నగా బయటికొస్తుంది.

"గ్లోరమ్మా, పొద్దుగాల వంటింట్ల పాడుతవు గద, గా పాటే! గా డబ్బలకెల్లి నీ గొంతు వస్తుందేంది?"

రాజేశ్వర్ హెల్మెట్ వెతుక్కున్నాడు. మా ఆయన మెల్లగా హెడ్‌ఫోన్ తీశాడు. ఒక్క క్షణం ముఖం పాలిపోయింది. మంచి మాట ఏదైనా అంటాడేమోనని ఆశపడ్డాను, నాదే తప్పు.

"కొత్త వాల్వులు గద గ్లోరీ. వంద గంటలు కాలాలె. అప్పటిదాంక గొంతులు సరిగ తెల్వయ్."

"మన పెండ్లయి పదకొండేండ్లయింది. ఇంకెన్ని గంటలు గావాలె మీకు?"

ఆయన వాల్వుల వైపు చూశాడు. బస్వమ్మ గంప దించి గడప దగ్గర కూర్చుంది.

"మల్లోసారి పాడు బిడ్డా, సక్కగ వింట" అంది.

నేను ఫ్యాన్ వేసి, ఆమెకు ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి పాడాను.