రెండో డిస్కు

నారాయణఖేడ్‌ల పెళ్లి పత్రికలు చేసే దుకాణం నాదీ దాక్షాయణిదీ. ఇద్దరికీ ఒక్కటే కంప్యూటర్. నిరుడు దాక్షాయణి దాంట్ల రెండో హార్డ్ డిస్కు పెట్టి, విండోస్ లెక్కనే నడిచే లినక్స్ ఎక్కించింది. "విండోస్‌కు వైరస్ వస్తే గిది పనికొస్తది, రోజా," అన్నది. నేనెన్నడూ దాన్ని తెరువలేదు.

ఇయ్యాల విండోస్ డిస్కు వైరు ఊడింది, కంప్యూటర్ లినక్స్‌ల లేచింది. చర్చి పెళ్లిళ్లకు నేను ఏరి ఏరి బైబిల్ వాక్యాలు పెట్టిన పత్రికలన్నీ అండ్ల ఉన్నయి. కింద మా దుకాణం పేరు తీసేసి 'దాక్షాయణి గ్రాఫిక్స్' అని కొత్త పేరు. ఆ పేరు మీద కొత్త దుకాణం తెరిచే పత్రిక సుత ఉన్నది: ఆదివారం పొద్దుగాల, నేను చర్చిల ఉండే యాళ్లకు. సిగ్గు లేకుంట మొదటి నమూనాగా నా పెళ్లి పత్రికే పెట్టుకున్నది.

దాక్షాయణి చాయ్ పట్టుకొని వచ్చింది, ఊడిన వైరు చూసింది.

"మరి ఏ డిస్కు నడుస్తున్నది?"

"నీదే."