రోడ్డు ఇవతల మిగిలిన పిల్ల

వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక పాత జీపు, నోరు ఆగని ఒక బావమరిది, ఒక ఆడపులి. పులి నాది కాదనుకోండి. అది తిరిగే అడవిలో జనాన్ని తిప్పడమే మా బతుకు కాబట్టి, పెట్టుబడిలో దాన్నీ వేసుకునేవాణ్ణి.

అది మూడు పిల్లల్ని పెట్టి బండల సందులో దాచింది. వాటినక్కడ వదిలి వేటకు పోయేది, పాలివ్వడానికి తిరిగొచ్చేది. ఎవరికీ చెప్పొద్దని బావమరిదికి చెప్పాను. మావాడి నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే ఒక బేరాన్ని ఎక్కించుకుని ఆ బండల దగ్గరికే జీపు పోనిచ్చాడు.

మనిషి అలికిడైన చోట ఆడపులి పిల్లల్ని ఉంచదు. తెల్లారి మేం మలుపు తిరిగేసరికి ఒక పిల్ల మెడ నోట కరుచుకుని రోడ్డు దాటుతోంది. అవతల పొదలో, ముందే చేర్చిన పిల్ల పక్కన దించింది. మూడోది ఇవతలే, మా చక్రానికి దగ్గర్లో, గడ్డిలో కుయ్యోమంటోంది. నుదుటి చార కొక్కెంలా వంగి ఉంది. తల్లి మమ్మల్ని చూసి అవతలే ఆగిపోయింది.

"ఇంకాస్త ముందుకు పోనీవయ్యా," అన్నాడు తన గుంపుతో వెనక కూర్చున్న కెమెరా పెద్దాయన.

"బావా, ఇలాంటి బేరం మళ్లీ రాదు," అని గొణిగాడు బావమరిది.

"తల్లి రాకపోతే ఆ పిల్ల ఆకలికి చస్తుంది. రేపు జనానికి పులి అని మీ అక్కను చూపిస్తావా?"

జీపు వెనక్కి తీసి మలుపులో రోడ్డుకు అడ్డంగా పెట్టాను. వెనక జీపులు ఒకటే హారన్లు.

"రోడ్డు మీ తాతదా?" అని అరిచాడు వెనక జీపు డ్రైవరు.

"కాదన్నా, పులి తాతది."

ఎండ ముదిరాక వెళ్లి చూస్తే గడ్డి ఖాళీ. దుమ్ములో తల్లి అడుగులు అవతలికి పోయి ఉన్నాయి. పెద్దాయన దిగేటప్పుడు నా ముఖం చూడలేదు. ఆయన గుంపు మళ్లీ నా జీపు ఎక్కలేదు.

తర్వాత అది పిల్లల్ని పెంచిన తీరు, కొడుక్కి కొట్టు అప్పజెప్పే షావుకారు తీరే. మొదట చంపి తెచ్చి పెట్టింది. ఆపైన కాలు విరిచిన లేడిని ముందు వదిలి, తను పక్కన ఆవులిస్తూ పడుకుంది. పిల్లలు తోకవైపు పట్టబోయి తన్నులు తిన్నా లేవలేదు. వాటికి వేట వచ్చాక, దగ్గరికొస్తే పళ్లు చూపించింది.

"తల్లేనా ఇది?" అన్నాడు బావమరిది.

"తల్లి గనకే. మీ అమ్మ నిన్నిలా తరిమి ఉంటే నాకీ ఖర్మ పట్టేది కాదు."

మూడింట్లో ఒకదాన్ని కొత్తగా వచ్చిన మగపులి చంపేసింది. ఒకటి వాగు దాటి పోయింది. నుదుట కొక్కెమున్న ఆడది తల్లి తిరిగే నేలలోనే సగం తనది చేసుకుంది.

పోయింది ఒక గుంపు బేరం. వచ్చింది ఇంకో పులి. ఈమధ్య దాని కడుపు బరువుగా కనిపించిందట. బావమరిది ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. ఆ నోరు ఆగడాన్నీ లాభంలో వేసుకున్నాను.